ముప్పై ఒకటో నంబరు సీసా

ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలు

అమ్మాయి వాళ్ళమ్మకు,

ఇక్కడ నేను క్షేమం. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. నువ్వూ అమ్మాయీ అల్లుడూ పాపా కులాసాగా ఉన్నారని నిన్న ఫోనులో విన్నాను కాబట్టి ఆ మాట మళ్ళీ అడగను. ఫోను ఉండగా ఇంత పొడుగు ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోనులో మాట్లాడేది నువ్వు, వినేది నేను. ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు. ఇవాళ నేను మాట్లాడాలి, నువ్వు మధ్యలో అందుకోకూడదు. అందుకే కాగితం తీశాను.

ముందు నీ పోయిన ఉత్తరానికి జవాబులు. మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. ఒకటి చచ్చిపోయింది, ఏదో ఇప్పుడు చెప్పను. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. "గిన్నెలు కడుగుతున్నారా, తడుపుతున్నారా" అని అడిగావు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను కడిగిన గ్లాసును నువ్వు వెలుతురుకి పట్టి చూస్తావు, ఏమీ అనకుండా తీసుకెళ్ళి మళ్ళీ కడుగుతావు. ఏమైనా అంటే నేనూ ఒక మాట అనొచ్చు. అనవు, అదే మంట. ఆ మంటలో నీకు నాలుగు ఘాటు మాటలు రాసి కవరులో కూడా పెట్టాను. బుధవారం ఆ కవరు చింపేశాను.

ఇక నిన్న ఫోనులో అడిగినవి. ఆ రెండు సీసాల్లోని నూనె ముట్టుకోవద్దని బుధవారం ఎందుకన్నాను, గురువారం అల్లుడు పాపను ఆస్పత్రికి తీసుకెళ్ళి అంత చిన్న చేతికి సూది ఎందుకు గుచ్చించాడు. మామూలు పరీక్ష అని నీతో చెప్పమన్నది నేనే. అల్లుడికీ అమ్మాయికీ అసలు సంగతి ఆ రోజే తెలుసు. నీకు నేనే చెప్పాలని వాళ్ళ నోరు కట్టేశాను, కాబట్టి కోపం వాళ్ళ మీద చూపించకు. పాప నీ ఒళ్ళోనే ఉంది కదా, చూసుకో. భయపడాల్సింది నేను, నువ్వు కాదు. వరసగా చదువు, చివరికి దూకకు.

మా లాబ్ సంగతి నీకు తెలిసిందే. నదుల నీళ్ళూ బావుల నీళ్ళూ సీసాల్లో పట్టి పంపిస్తే వాటిలో ఏ విషం ఎంత ఉందో చెప్పే చోటు. ఇరవై ఆరేళ్ళుగా నేను అక్కడ స్టోర్‌కీపర్ని. ఊళ్ళ నీళ్ళలో మురికి కనిపెట్టే వాళ్ళం కదా, మా చోటు అద్దంలా ఉంటుందని నువ్వనుకున్నావు. నేనూ బయట అలాగే చెప్పుకుని తిరిగాను. గురువారం నాడు భద్రతా తనిఖీకి మనుషులు వస్తున్నారని పదిరోజుల ముందు కాగితం వచ్చింది. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి, పదిరోజుల్లో లాబ్‌ని చూడదగ్గట్టు చెయ్యమన్నారు.

ఫ్రిజ్‌తో మొదలుపెట్టాను. "ఇందులో తిండి పెట్టరాదు" అని దాని తలుపు మీద ఎప్పుడో నేనే రాసి అంటించాను. లోపల నది బురద నింపిన డబ్బాల వెనక సగం తిన్న బ్రెడ్డు ఉంది. బూజు ఎంత పొడుగు పెరిగిందంటే దువ్వెన పెట్టి దువ్వొచ్చు. పక్కన ఎవరిదో టిఫిను డబ్బా, మూత ఉబ్బిపోయి ఉంది. తెరవకుండా పారేయాల్సింది, తెరిచాను. ఆ మధ్యాహ్నం భోజనం మానేశాను, మర్నాడు కూడా సరిగ్గా తినలేదు.

కళ్ళలో యాసిడ్ చింది పడితే కడుక్కోవడానికి గోడకి ఒక కుళాయి ఉంటుంది. వారానికోసారి తిప్పి చూడాలి. తిప్పాను. ముందు గాలి వచ్చింది, తర్వాత ముసలివాడు కాండ్రించినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత తుప్పు రంగు నీళ్ళు, వాటితో పాటు రెండు బొద్దింకలు. మంటలార్పే సిలిండరు మీద ఎవరో తువ్వాలు ఆరేసుకున్నారు. విషపు గాలిని బయటికి లాగేసే గాజు అరలో రెండు జతల చెప్పులు ఉన్నాయి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పగలగొడితే లోపల అట్టకట్టిన దూది, ఎండిపోయిన ఆయింట్‌మెంటు, ఎవరిదో పెళ్ళి కార్డు. ఆ పెళ్ళికి నేను వెళ్ళాను. వాళ్ళ పెద్దవాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు.

పరిశోధన చేసే పిల్లల్లో ఒకమ్మాయి ఉంది. తెలివైనది, పని చకచకా చేస్తుంది. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని కెమికల్స్ ముట్టుకుంటుంది, ఆ తొడుగులతోనే తలుపు తీస్తుంది, ఫోను చూసుకుంటుంది, ముక్కు దురదపెడితే గోక్కుంటుంది.

"ఆ తొడుగులు ఎవరి కోసం తల్లీ?" అని అడిగాను.

"నా చేతులు పాడవకుండా అంకుల్" అంది.

తలుపు పిడి పట్టుకునే మిగతా ముప్పైమంది చేతుల గురించి ఆ పిల్లకి ఆలోచన రాలేదు. నేనూ ఇంకేం చెప్పలేదు, చీదరగా ఉండి పక్కకి వచ్చేశాను.

పెద్దసారు లెక్కలో శుభ్రం చెయ్యడమంటే దాచడం. ఎన్నో ఏళ్ళనాటి పాత కెమికల్ డబ్బాలు, తుప్పు పట్టి అడుగులు కారుతున్నవి, నలభై దాకా ఉన్నాయి. వాటిని పద్ధతి ప్రకారం పారేయించాలంటే నెల పడుతుందని, అన్నిటినీ ఆడవాళ్ళ బాత్‌రూమ్‌లో పెట్టించి తాళం వేయించి "మరమ్మతులో ఉంది" అని బోర్డు తగిలించారు.

"మరి ఆడవాళ్ళు సార్?" అన్నాను.

"రెండు రోజులే కదండీ, సర్దుకుంటారు."

ఆ కంపు తలుపు సందులోంచి వరండా అంతా పాకింది. ఛీ అనుకుంటూనే డబ్బాలు మోయించాను. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మోచేతుల దాకా రుద్దుకుంటూ, ఇంతమంది రోత మనుషుల మధ్య నేనొక్కణ్ణే పద్ధతిగా బతుకుతున్నానని అనుకునేవాణ్ణి. రోజూ అనుకున్నాను, పది రోజులూ.

ఇప్పుడు సీసాల సంగతి. మన వంటింటి అరలో వరసగా నిలబడ్డ గోధుమరంగు సీసాలు తొమ్మిది ఉన్నాయి కదా, దళసరి గాజు, గాజు బిరడా, నువ్వు ముచ్చటపడి పప్పులు పోసుకున్నవి. అవి మా లాబ్‌వి. "పాతవి పారేస్తుంటే తెచ్చాను" అన్నాను నీతో. పారేయడం అబద్ధం. అక్కడ ప్రతి సీసాకీ అడుగున తెల్లరంగుతో ఒక నంబరు ఉంటుంది. ఏ నంబరు సీసాలో ఏ కెమికల్ పోశారో ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. ఖాళీ అయిన సీసాను కింద గదిలో మూడుసార్లు కడగాలి. నేను దాన్ని వెలుతురుకి పట్టి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక సీసాకి గుండ్రటి పచ్చ బిళ్ళ అంటిస్తారు. బిళ్ళ ఉంటే అది శుభ్రమైనదని, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని అర్థం. అలా బిళ్ళ ఉన్నవాటిలో అందంగా కనబడ్డవి ఏడాదికి ఒకటో రెండో ఇంటికి తెచ్చాను. తెచ్చిన ప్రతిదానికీ పుస్తకంలో "పగిలింది" అని నా చేత్తోనే రాశాను.

బుధవారం పదకొండు గంటలకు, సీసాలన్నీ తళతళలాడేలా హాల్లో వరసగా పెట్టించమని పెద్దసారు అంటే, కడిగే గదికి వెళ్ళాను. అక్కడ పనిచేసే ఆయన్ని అందరం సబ్బు మామ అంటాం. అరవైకి దగ్గరపడ్డాడు, ఎవరి జోలికీ పోడు. ఆ గడప తొక్కి నాకు రెండేళ్ళు దాటింది. రిజిస్టరు పైకే వస్తుంది, సంతకం పైనే పెడతాను, కిందికి దిగే పని ఏముంది.

సింకు ఎండిపోయి ఉంది. నిన్నో మొన్నో ఎండింది కాదు, సాలెపురుగు అందులో కాపురం పెట్టి పిల్లల్ని కూడా కనింది. బల్ల మీద సబ్బుపొడి పాకెట్లు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. నెలకొకటి చొప్పున నేనే ఇచ్చాను. ఎంచి చూస్తే ఇరవై నాలుగు. ఒక్కదాని మూతి కూడా చింపలేదు. గోడకి వేలాడుతున్న బ్రష్షులకి ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంది.

"ఇదేంటి మామా?"

"సబ్బు సార్."

"అది కనబడుతూనే ఉంది. వాడలేదేం?"

"వాడే పని పడలేదు సార్. అప్పట్లో ఈ సింకు పూడుకుపోయింది. మీకు కాగితం రాసిచ్చాను కూడా. ఆ తర్వాత మీరు సోమవారం పొద్దున్నే వారానికంతా కలిపి సంతకాలు పెట్టేస్తున్నారు. పైన పిల్లలే కడిగి పంపుతున్నారు కాబోలు, అందుకే ముందే పెడుతున్నారనుకున్నా."

"మరి బిళ్ళలు ఎందుకు అంటించావు?"

"సంతకం ఉంటే బిళ్ళ వెయ్యమనే కదా సార్ రూలు."

ఆయన ముఖంలో తప్పు చేసిన భయం లేదు, ఎందుకుంటుంది. బిళ్ళ ఉంది కదా, మామ కడిగాడని పైన పిల్లలు అనుకున్నారు. బిళ్ళలు సక్రమంగా పడుతున్నాయి కదా, అంతా జరుగుతోందని నేను అనుకున్నాను. నా సంతకం ఉంది కదా, ఎవరో కడిగారని మామ అనుకున్నాడు. ఇలా రెండేళ్ళు. ఒక పచ్చబిళ్ళ సీసా తీసి రెండేళ్ళలో మొదటిసారి వెలుతురుకి పట్టి చూశాను. అడుగున తెల్లటి పొక్కు, దానికి అతుక్కుని ఒక వెంట్రుక.

అప్పుడు మీ దగ్గరున్న రెండు సీసాలు గుర్తొచ్చాయి.

నువ్వు అమ్మాయి దగ్గరికి ఊరెళ్ళే రోజు పొద్దున వాటిని నేనే తెచ్చిచ్చాను, ఒకదానిలో పాప ఒంటికి, ఇంకోదానిలో నీ మోకాళ్ళకి రాసే నూనె పోసుకోమని. నువ్వు వాటిని తీసుకుని సింకు వైపు తిరిగావు. నాకు చిర్రెత్తింది. "మూడుసార్లు కడిగినవి, నా సంతకం ఉంది, దాన్ని కూడా నమ్మవా, బండికి టైమవుతోంది" అని గట్టిగా అన్నాను. నువ్వు మూతి ముడుచుకుని వాటిని తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టావు. పోయిన ఉత్తరంలో "పాపకు రోజూ మీ సీసాలో నూనె పట్టిస్తున్నాను, ఒళ్ళు నిగనిగలాడుతోంది" అని రాశావు.

పుస్తకం తీసి చూశాను. "పగిలింది" అని నేను ఆఖరున రాసినవి పద్నాలుగు, ముప్పై ఒకటి. పద్నాలుగులో మామూలు ఉప్పు నీళ్ళు పోసేవారు. ముప్పై ఒకటిలో పాదరసం కలిపిన మందు. నీళ్ళలో పాదరసం ఎంతుందో కొలిచే యంత్రాన్ని సరిచూసుకోవడానికి దాన్ని వాడతారు. అలాంటి సీసాను కడిగినా సరే మళ్ళీ ఎవరూ వాడకూడదు, మూటకట్టి వేరే పారేయించాలి. దానికి పచ్చ బిళ్ళ పడింది, నా సంతకం మీద.

పన్నెండున్నరకి నీకు ఫోను చేసి నూనె ముట్టుకోవద్దన్నాను. "ఎందుకండీ?" అన్నావు. ఉత్తరం రాస్తానని పెట్టేశాను. వెంటనే అల్లుడికి వాళ్ళ ఆఫీసుకి చేసి అంతా చెప్పాను. "ఇంటికెళ్ళి, అత్తయ్యగారు చూడకుండా సీసాలు ఎత్తి అడుగు నంబర్లు చూడు బాబూ" అన్నాను. ఏ సీసా పాపదో, ఏది నీ మోకాళ్ళ నూనెదో నాకు తెలియదు. అరగంట తర్వాత తనే చేశాడు.

"పాపది ముప్పై ఒకటి, మావయ్యగారూ."

నంబరు మళ్ళీ చెప్పమన్నాను. తను మళ్ళీ చెప్పాడు. తర్వాత, "మీరు కంగారు పడకండి, నేను డాక్టరుతో మాట్లాడతాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోను పెట్టి లాబ్‌లోకి వస్తే ఆ తొడుగుల అమ్మాయి బల్ల దగ్గర గోధుమరంగు సీసాలోంచి మంచినీళ్ళు తాగుతోంది. పచ్చ బిళ్ళ నున్నగా మెరుస్తోంది. సీసా లాక్కున్నాను. ఆ పిల్ల బిత్తరపోయి నన్ను చూసింది. అలాంటివి ఆ భవనంలో రెండు వందల పన్నెండు ఉన్నాయి. ఎవరి బల్ల మీద ఏముందో, నాలాగా ఇంకెందరి వంటిళ్ళలో ఉన్నాయో.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"రేపొక్కరోజు గడవనివ్వండి. ఆ తర్వాత మెల్లగా అన్నీ కడిగించేద్దాం" అన్నారు.

"మా మనవరాలికి పరీక్ష చేయించాలి సార్."

"చేయించండి. కాదన్నదెవరు? పుస్తకంలో పగిలిందని ఉందిగా, ఉండనివ్వండి. మీ ఇంటి గొడవ తెచ్చి లాబ్ నెత్తిన పెట్టకండి."

ఆ మనిషి నవ్వుతూ మాట్లాడుతుంటే నాకు రోత పుట్టింది. అయినా సరేనని తలూపి వచ్చాను. దారంతా తలూపినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటికొచ్చి వంటింట్లో నీ తొమ్మిది సీసాల్లోని పప్పులు గిన్నెల్లోకి ఒంపాను. సీసాలు తువ్వాళ్ళలో చుట్టి సంచిలో పెట్టుకుని గురువారం పొద్దున లాబ్‌కి పట్టుకెళ్ళాను.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. పొడుగాటి ఆవిడ ఒకరు, ఆవిడ చెప్పింది రాసుకునే ఆయన ఒకరు. పెద్దసారు హాల్లో వరసగా పెట్టిన సీసాలు చూపించి ఏదో గొప్ప చెబుతున్నారు. నేను వెళ్ళి ఆ వరస చివర మన సీసాలు ఒక్కొక్కటే తీసి పెట్టాను. ఒకదానికి అడుగున నీ పప్పు గింజ ఇంకా అంటుకునే ఉంది.

"ఏమిటివి?" అంది ఆవిడ.

"మా పుస్తకంలో పగిలినవని ఉన్న సీసాలండి. పగల్లేదు. మా వంటింట్లో ఉన్నాయి. ఇంకో రెండు మా మనవరాలి దగ్గర ఉన్నాయి."

పెద్దసారు ముందుకొచ్చారు. "మా స్టోర్‌కీపరుకి రెండ్రోజులుగా ఒంట్లో బాగోలేదు మేడమ్."

"ఒంట్లో బాగానే ఉందండి" అన్నాను.

ఆవిడని కడిగే గదికి తీసుకెళ్ళాను. సింకు చూసింది, సాలెగూడు చూసింది, టార్చి వేసి మూలమూలా చూసింది. మామ చెప్పింది విని నా వైపు తిరిగింది.

"నెలకో సబ్బు పాకెట్టు ఇచ్చినట్టు రాసుందే, అవేవి?"

ఇక్కడ నీకు ఒక మాట దాచాను. వెనక్కి తిప్పి చదువుకుంటే నీకే అనుమానం వస్తుంది. పదకొండింటికి సబ్బు మామ గదిలో ఉన్నాను. నీకు ఫోను చేసింది పన్నెండున్నరకి. ఆ గంటన్నర ఏం చేశానో రాయలేదు. పుస్తకం చూడటానికి పది నిమిషాలు పట్టింది. మిగతా టైమంతా ఆ ఇరవై నాలుగు పాకెట్లూ మామా నేనూ సంచుల్లో వేసుకుని, ఎవరూ చూడకుండా ఆడవాళ్ళ బాత్‌రూమ్‌కి మోశాం. తాళంచెవి నా దగ్గరే ఉంది. తనిఖీవాళ్ళు చూస్తే నా సంతకాలు అబద్ధమని తెలిసిపోతుంది కదా. పాప గుర్తు రాక చేసిన పని కాదు. గుర్తొచ్చింది, ముప్పై ఒకటి అని చూశాను, చూశాక కూడా ముందు పాకెట్లు దాచాను. ఆ గంటన్నరలో నువ్వు పాపకి నూనె రాసే ఉంటావు. స్నానం వేళ అదే కదా. ఈ ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఆ పదిరోజుల్లో ఆ లాబ్‌లో చూసిన బూజు, బురద, బొద్దింకలు అన్నీ కలిపినా ఇంత రోతగా లేవు.

ఆవిడ అలా అడగ్గానే వెళ్ళి "మరమ్మతులో ఉంది" బోర్డు తీసి తాళం తెరిచాను. ముందు కంపు వచ్చింది, తర్వాత డబ్బాలు కనబడ్డాయి, వాటి మీద సబ్బు పాకెట్లు. ఆవిడ చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని నన్ను చూసింది. పది రోజులుగా నేను అందరివైపూ చూసిన చూపే అది. నేను తల దించుకున్నాను.

నన్నేమీ మెచ్చుకోలేదు, మెచ్చుకోవడానికేముంది. మన తొమ్మిది సీసాలనీ అప్పటికప్పుడు మా యంత్రం మీదే పరీక్ష చెయ్యమంది. ఆ తొడుగుల అమ్మాయే చేసింది. కొత్త తొడుగులు వేసుకుని, తలుపు మోచేత్తో నెట్టి వెళ్ళడం చూశాను. రెండు గంటలయ్యాక కాగితం పట్టుకొచ్చింది. తొమ్మిదింటిలో ఒక్కదానిలో కూడా ఏమీ లేదు.

"ఇవి ఎవరు కడిగారు?" అంది ఆవిడ.

"మా ఆవిడండి."

"ఎలా కడుగుతారు?"

"తెలియదండి. నేనెప్పుడూ చూడలేదు."

ఆ మాట అని నోరు మూసుకున్నాక నాకు ఎంత సిగ్గు వేసిందో చెప్పలేను. ముప్పై ఏళ్ళు పక్కగదిలో కూర్చుని పేపరు చదివాను.

లాబ్‌కి తాళం పడింది. అన్నీ కడిగి, అన్నీ పరీక్ష చేశాకే తెరుస్తారట. పెద్దసారుని పైవాళ్ళు పిలిపించారు. సబ్బు మామకి ఏమీ కాదు, సింకు గురించి ఆయన రాసిచ్చిన కాగితం నా ట్రే అడుగునే దొరికింది. నా స్టోరు తాళాలు అడిగితే ఇచ్చేశాను. ఇకముందు ఏమవుతుందో తెలియదు, ఏమైనా కానీ.

నాకు తెలియాల్సింది ఒక్కటే, పాప రిపోర్టు. గురువారం నుంచి శనివారం దాకా ఎలా గడిచిందో రాయను. ఆ తొమ్మిదీ నేను తెచ్చిన వెంటనే నువ్వు కడిగావు, సరే. ఆ రెండిటినీ మాత్రం కడగనివ్వలేదు నేను. ఇదొక్కటే తల్లో తిరిగింది.

నిన్న సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు. పాప బాగుంది" అంది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, ఎలా, అని అడిగాను.

"నాకూ అర్థం కాలేదు నాన్నా. అందుకే అమ్మని ఊరికే అడిగినట్టు అడిగాను, ఆ సీసాలు వచ్చినప్పుడు ఎలా ఉన్నాయమ్మా అని. వచ్చిన రోజే, నేను పడుకుని ఉండగా, బట్టలు కూడా మార్చుకోకుండా వాటిని ముందేసుకుందిట. సబ్బుతో తోమి, మరిగే నీళ్ళు మార్చి మార్చి పోసి, మూడు రోజులు ఎండలో పెట్టిందిట."

"నేను వద్దన్నానే."

"అదే అడిగాను. మీ నాన్న మూడుసార్లు కడిగామన్నారు, అంటే ఒక్కసారి కూడా కడగలేదన్నమాట, అంది."

అలా కడిగినా ఆ సీసా వాడకూడదట, డాక్టరు గట్టిగా చెప్పాడట. రెండూ అల్లుడికి ఇచ్చెయ్యి, ఎక్కడ అప్పగించాలో తనకి చెప్పాను. నెల తర్వాత పాపకి ఇంకోసారి సూది గుచ్చాలి. అప్పుడు పాపని పట్టుకోవడానికి నేను వస్తాను. ఏడిస్తే నన్ను చూసే ఏడవనీ.

క్షమించమని రాయడానికి నాకు మొహం లేదు. వంటింట్లో సీసాల చోటు ఖాళీగా ఉంది, పప్పులు గిన్నెల్లో ఉన్నాయి, వాటిని నేనే కడిగాను కాబట్టి నువ్వు రాగానే ఆ పప్పులన్నీ పారేసి గిన్నెలు మళ్ళీ తోమినా నేను నోరెత్తను. ఈసారి పక్కగదిలో కూర్చోను. సింకు దగ్గర నీ పక్కన నిలబడతాను, నేను కడిగిన గ్లాసు వెలుతురుకి పట్టి చూడు. ఏమీ అనకుండా మాత్రం తీసుకెళ్ళకు. నోరారా అను.

ఇట్లు,
ఇన్నాళ్ళూ తడిపిన
నీ ఆయన